నాలుగో వారం మొహం

మా ఆయన చేతికి ఆడమనిషి మొహం ఒక్కటే వచ్చు. అది నాది. పెళ్ళయిన కొత్తలో, నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు, గుణదలలో మా అద్దెగది ముందు అరుగు మీద నన్ను కూర్చోబెట్టి దాన్ని నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఇంకొకటి నేర్చుకునే తీరిక ఆయనకు దొరకలేదు.

ఆయన పేరు బాలశౌరి. గాంధీనగరం సినిమా హాళ్ళకి బ్యానర్లు రాస్తాడు. హీరోనీ హీరోయిన్నీ అయితే స్టిల్లు ఫొటో మీద గళ్ళు గీసుకుని, ఆ గళ్ళనే గుడ్డ మీద పెద్దవి చేసుకుని, ఒక్కో గడినీ చూసుకుంటూ దింపుతాడు. వాళ్ళు వాళ్ళలా లేకపోతే అభిమానులు వచ్చి మీద పడతారు కాబట్టి అక్కడ ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాడు. మిగిలిన ఆడవాళ్ళంతా నేనే. హీరో చెల్లెల్ని నేనే. చీరల కొట్టు బోర్డు మీద దండం పెట్టేది నేనే. గోడ మీద సబ్బు ప్రకటనలో మొహం కడుక్కునేదీ నేనే. ఆ రోజుల్లో ఏలూరు రోడ్డు వెంట మీరు ఎప్పుడైనా నడిచి ఉంటే నన్ను నాలుగైదు చోట్ల చూసే ఉంటారు.

మా వీధి చివర చిన్న గుడిలో మరియమాత పటం కూడా ఆయన వేసిందే. అది పెట్టిన కొత్తలో వీధి వీధంతా నన్ను ఆటపట్టించింది. పక్కింటి సీతారావమ్మ గారు హిందువులే అయినా శనివారం శనివారం అక్కడ కొవ్వొత్తి వెలిగించేవారు. "ఇదిగో అమలమ్మా, ఇప్పుడే నీకు దణ్ణం పెట్టుకొచ్చా. మావాడి ఉద్యోగం సంగతి చూడు మరి" అనేవారు. నేను నవ్వి, "అర్జీ పెట్టుకోండి, చూస్తాను" అనేదాన్ని.

తర్వాత నేను ఆస్పత్రిలో ఆయాగా చేరాను. ఆ పటం నాలా ఉందన్న సంగతి జనం మెల్లగా మర్చిపోయారు. మా మార్త ఎదిగొచ్చాక ఇంకో మాట మొదలైంది. "మార్త అచ్చం మాత పటంలా ఉందే" అనేవాళ్ళు. పిల్ల తల్లిలా ఉందని ఒక్కరూ అనలేదు. మొదట్లో లోపల్లోపల నవ్వుకునేదాన్ని. కొన్నాళ్ళకి అదీ మానేశాను. డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి కాళ్ళు పీకేస్తుంటాయి. నవ్వుకోవడానికైనా కాస్త ఓపిక మిగలాలి కదా.

నేను చెప్పేది డెబ్బై అయిదో సంవత్సరం, వానాకాలం సంగతి. మార్త అప్పటికి టీచర్ ట్రైనింగు రెండో ఏడు చదువుతోంది. ఒక డబ్బింగు సినిమా వచ్చింది. పేరున్నవాళ్ళు ఎవరూ లేరందులో. ఉన్నదల్లా ఒక క్లబ్బు డాన్సు. హాలు మేనేజరు వెంకటప్పయ్య గారు మా ఆయన్ని పిలిపించి, "హీరోని ఓ మూలకి తోసెయ్ బాలశౌరీ. డాన్సరుని నిలువునా వెయ్. సెంటర్లోకి తిరిగే ప్రతివాడికీ ముందు ఆవిడే కనపడాలి" అన్నారట. ఇచ్చిన స్టిల్లులో ఆ పిల్ల వెనక్కి వంగి ఉంది. నడుముంది, కాళ్ళున్నాయి, మొహం లేదు. జుట్టు కప్పేసింది.

"మొహం ఎట్టాగండీ?" అని మా ఆయన అడిగాడట.

"ఏదో ఒకటి వెయ్యవయ్యా. తల ఇటు తిప్పి మనవైపు పెట్టు. నవ్వుతా ఉండాలి, అంతే."

ఏదో ఒకటి అంటే మా ఆయనకి ఉన్నది ఒకటే కదా.

శుక్రవారం ఉదయం బ్యానరు ఎక్కింది. నేనూ మార్తా బస్సెక్కేది ఆ సెంటర్లోనే. ఆస్పత్రీ ట్రైనింగు స్కూలూ ఒకే దారిలో ఉంటాయి, కాకపోతే నేను తెల్లారగట్ల డ్యూటీకి పోతాను, తను తొమ్మిదింటికి పోతుంది. నేను ఆ బ్యానరు వైపు తలెత్తి చూడలేదు. ఇరవై ఏళ్ళ నుంచీ బ్యానర్ల కింద తిరుగుతున్నదాన్ని. వంటవాడి పెళ్ళానికి తాలింపు వాసన కొత్తగా తగులుతుందా.

మార్త మాత్రం చూసింది. చూసి మాకు చెప్పలేదు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, రెండు ముద్దలు కెలికి లేచిపోయేది. ఏమంటే తలనొప్పి అనేది. రెండో వారం వచ్చేసరికి సోమవారం స్కూలుకి వెళ్ళలేదు. మంగళవారం వెళ్ళలేదు. బుధవారం నేను డ్యూటీ దిగి వచ్చేసరికి గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"ఏమే, ఒంట్లో బాగోలేదా, చదువు మీద మనసు పోయిందా? ఏదో ఒకటి చెప్పు. నాకు అడిగే ఓపిక లేదు" అన్నాను.

"సెంటర్లో నన్ను వేలాడేశారమ్మా. నువ్వు చూళ్ళేదా?" అంది గోడకే.

నాకు అర్థం కాలేదు. పక్కన కూర్చుని జుట్టు సర్దబోతే చెయ్యి తోసేసింది. తర్వాత మెల్లగా చెప్పింది. బస్టాపులో నిలబడితే కుర్రాళ్ళు పైకోసారి, తనవైపోసారి చూస్తున్నారట. బస్సులో ఒకడు పక్కనున్నవాడితో, "ఇయ్యాళ చీర కట్టుకొచ్చిందిరా" అన్నాడట. బస్సంతా నవ్వారట. ఆడవాళ్ళ సీట్లలో కూడా ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుందట. కండక్టరు టిక్కెట్టు ఇస్తూ చెయ్యి వదల్లేదట.

చెప్పులేసుకుని ఆ పూటే సెంటరుకి వెళ్ళాను.

ముప్పై అడుగుల ఆడమనిషి. ఒంటి మీద జానెడు జానెడు తళుకు గుడ్డలు రెండు. వాన తడికి రంగు ఇంకా మెరుస్తోంది. ఆ ఒంటి పైన నేను ఉన్నాను. పద్దెనిమిదేళ్ళ నేను. అంటే ఇప్పటి మార్త. ఆ కళ్ళు, ఆ చుబుకం, ఆ పై పెదవి, వెంట్రుక వాసి తేడా లేదు. ఆ నవ్వు ఎక్కడిదో కూడా నాకు తెలుసు. ఆనాడు అరుగు మీద కూర్చోబెట్టి, కదలకు కదలకు అని నన్ను కసురుతూ, తనేమో కుంచె అనుకుని నోట్లో బీడీ తీసి రంగులో ముంచాడు. దానికి పడీ పడీ నవ్వాను. కొత్త పెళ్ళికూతురు మొగుణ్ణి చూసి నవ్విన నవ్వది. దాన్ని తీసుకెళ్ళి ఇక్కడ పెట్టాడు. కింద రిక్షావాళ్ళూ, కాలేజీ కుర్రాళ్ళూ, సైకిలు ఆపుకున్న గుమాస్తాలూ దాన్ని చూస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మా ఆయన బ్యానర్లు రాసే షెడ్డులో ఇంకో గుడ్డకి సుద్ద పూస్తున్నాడు. అక్కడికే వెళ్ళి నిలబడ్డాను.

"ఏమయ్యా, సెంటర్లో ఎవర్ని వేశావు?"

"డాన్సరుని" అన్నాడు.

"మొహం ఎవరిది?"

సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు. "నీదేలేవే. ఎప్పుడూ వేసేదేగా. స్టిల్లులో మొహం లేదు."

"నాది అయితే మరి నీ కూతురిది ఎవరిదయ్యా?"

ఆ మాట ఆయనకి వెంటనే ఎక్కలేదు. నేను మార్త చెప్పినవన్నీ చెప్పాను. కండక్టరు సంగతి చెప్పేసరికి కుంచె డబ్బాలో పడేసి, రెండు చేతులతో తల పట్టుకుని కింద కూర్చున్నాడు. మెత్తని మనిషి. కావాలని చీమకి కూడా అపకారం చెయ్యడు. ఆలోచించి చేసినవాడైతే నాలుగు తిట్టి తేలికపడేదాన్ని. ఆలోచనే లేనివాణ్ణి ఏమని తిట్టను?

మర్నాడు ట్రైనింగు స్కూలు నుంచి కబురొచ్చింది, మార్త తల్లి రావాలని. డ్యూటీ నుంచి అటే వెళ్ళాను, ఆయా చీరలోనే. హెడ్‌మిస్ట్రెస్ గారు చదువుకున్న మనిషి, మంచి మనిషే. నన్ను నిలబెట్టి మాట్లాడలేదు, కుర్చీ చూపించారు.

"అమలమ్మా, మీ అమ్మాయి తెలివైంది. కాదనను. కానీ సెంటర్లో ఆ బొమ్మ గురించి తల్లిదండ్రులు వచ్చి అడుగుతున్నారు. వచ్చే నెల ఈ పిల్లలు బడికెళ్ళి పాఠాలు చెప్పాలి. ఆ బొమ్మ వేయించుకోడానికి నిలబడ్డ పిల్ల మా పిల్లలకి పాఠం చెబుతుందా అంటే నేనేం చెప్పను?"

"నిలబడలేదమ్మగారూ. వాళ్ళ నాన్న బ్యానర్లు వేస్తాడు. అది మార్త మొహం కాదు."

"నేనూ చూశాను కదా. పోలిక కూడా కాదు, తనే."

"తనది కాదమ్మగారూ. అది నా మొహం" అన్నాను.

ఆవిడ నన్ను చూశారు. ఇస్త్రీ లేని నీలంచు తెల్లచీర, చెవి పక్కన నెరిసిన జుట్టు, స్టెరిలైజరు ఆవిరికి కాలిన చెంప. మొత్తం ఒకసారి చూశారు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది. చాలా మెల్లగా, జాలిగా అన్నారు.

"తల్లివి, నీ బాధ నాకు తెలుసు. అయినా అబద్ధం ఆడకూడదమ్మా."

ఈ నెలాఖరులోగా ఆ బొమ్మ సంగతి తేలకపోతే పిల్ల పేరు కొట్టేయక తప్పదన్నారు. లేచి వచ్చేశాను. దారంతా ఏడుద్దామనుకున్నాను గానీ బస్సులో నిలబడటానికే సరిపోయింది.

మర్నాడు మా ఆయన్ని వెంటబెట్టుకుని వెంకటప్పయ్య గారి దగ్గరికి వెళ్ళాను. హాలు పక్క గదిలో ఫ్యాను కింద కూర్చుని సోడా తాగుతున్నారు. మా ఆయన నసుగుతూ నసుగుతూ సంగతంతా చెప్పాడు.

"ఓహో, పాపని చూసి వేశావా? అదీ సంగతి. ఎక్కడిదయ్యా ఇంత కళ అనుకున్నా" అన్నారాయన.

"పాపని చూసి కాదండీ, దీన్ని చూసే" అని నన్ను చూపించాడు మా ఆయన. వెంకటప్పయ్య గారు నా వైపు తిరిగారు. కుర్చీనో బల్లనో చూసినట్టు చూసి, మళ్ళీ ఆయన వైపు తిరిగిపోయారు.

"ఆ బొమ్మ దించమంటే ఎట్టా బాలశౌరీ? రెండు వారాలు ఆడదనుకున్న సినిమా మూడో వారంలో పడింది. జనం ఆ మొహం కోసమే వస్తున్నారయ్యా. నాకూ ఆడపిల్లలున్నారు, కాదన్ను. నాలుగు రోజులు మీ పాపని ఇంటిపట్టున ఉండమను. సినిమా ఎత్తేస్తే అందరూ మర్చిపోతారు. వచ్చే శుక్రవారం నాలుగో వారం, పొద్దున్నే వచ్చి అంకె మార్చు. వానకి రంగు వెలిసినట్టుంది, కాస్త అక్కడా ఇక్కడా చెయ్యి తిప్పు."

వారం మారినప్పుడల్లా బ్యానరు రాసినవాడే నిచ్చెనెక్కి ఆ మూలనున్న వారం అంకె చెరిపి కొత్తది వేస్తాడు. వెలిసినచోట రంగు కూడా దిద్దుతాడు. ఆ గంటా గంటన్నరా అతన్ని ఎవరూ పట్టించుకోరు. ఇంటికొస్తూ నేను దాని గురించే ఆలోచించాను.

"శుక్రవారం ఎక్కినప్పుడు మొహం మార్చెయ్యి" అన్నాను.

"హాలు పోద్దే. మళ్ళీ పని ఇవ్వరు."

"పిల్ల పోతుందయ్యా."

ఆ రాత్రే ఆయన అటక మీంచి పాత అట్టముక్కలు దించాడు.

బుధవారం నాకు సెలవు. పొద్దున్నే అట్టముక్కలు ముందేసుకుని కొత్త మొహం వెయ్యడానికి కూర్చున్నాడు. నేను బియ్యం ఏరుకుంటూ చూస్తున్నాను. మొదటిదానికి ముక్కు వెడల్పు చేశాడు. కళ్ళు వేసేసరికి నేనే వచ్చాను. రెండోదానికి కళ్ళు చిన్నవి చేసి కనుబొమలు కలిపాడు. పెదవి దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ నేనే. పాత పత్రికలో ఎవరో అమ్మాయి ఫొటో పక్కన పెట్టుకుని గళ్ళు గీసి మొదలుపెట్టాడు. అది కొంచెం నయమనిపించింది. తీరా రంగులు దిద్దడం మొదలెట్టాక చెయ్యి తన దారిన తాను పోయింది. అట్టల మీద వరసగా మార్తలు. గదిలోంచి మార్త వచ్చి నీళ్ళు తాగి, వాటిని చూసి, మళ్ళీ లోపలికి పోయింది.

"నా చేతికి ఇంకోటి రాదే" అన్నాడు. "నన్నేం చెయ్యమంటావు?"

బియ్యం చేట పక్కన పెట్టాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"అయితే నన్ను చూసి వెయ్యి."

"నిన్నేగా వేసేది."

"నన్ను కాదు. నన్ను చూసి ఎన్నేళ్ళయిందో నీకు తెలుసా? ఇదిగో, ఇక్కడ కూర్చుంటున్నా. ఉన్నదున్నట్టు వెయ్యి."

అరుగు మీద కూర్చున్నాను, ఆనాడు కూర్చున్న చోటే. ఆయన కొత్త అట్ట తీసుకుని ఎదురుగా కూర్చుని నా వైపు చూశాడు. వెంటనే చూపు దించుకున్నాడు. మళ్ళీ చూశాడు. ఏ అన్నం పెట్టేటప్పుడో, దీపం తీసేటప్పుడో తగిలే చూపు తప్ప మా మధ్య ఇలాంటిది లేక ఎన్నో ఏళ్ళయింది. నాకూ ఎక్కడ చూడాలో తెలియలేదు. వీధిలో పోతున్న మేకను చూస్తూ కూర్చున్నాను.

"ఈ మచ్చ ఎప్పటిదే?" అన్నాడు.

"మొన్న ఈస్టరుకి ముందు. ఆవిరి కొట్టింది. నువ్వే బర్నాల్ తెచ్చావు."

"నేనే తెచ్చానా?"

"నువ్వే."

గీత గీశాడు. ఆగాడు. "ఇక్కడ ఇంత గుంట ఉందేం?" అన్నాడు బుగ్గ వైపు చూస్తూ.

"రెండు పళ్ళు పీకించుకున్నాగా."

"ఎప్పుడు?"

నాకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. ఊళ్ళో నా మొహం పెట్టుకుని బతికినవాడు, నా నోట్లో పళ్ళు పోయిన సంగతి ఎరగడు. లేచిపోదామనుకున్నాను. లోపల గోడ వైపు తిరిగి పడుకున్న పిల్ల గుర్తొచ్చి కూర్చున్నాను.

"కాస్త నవ్వవే. నవ్వుతా ఉండాలన్నారు" అన్నాడు.

"రావట్లేదు. ఉన్నదే వెయ్యి."

ఎండ అరుగు మీదికి వచ్చి మళ్ళీ వెనక్కి పోయింది. పొయ్యి మీద ఏమీ పడలేదు, ఎవరూ అన్నం అడగలేదు. అయిపోయాక అట్ట నా చేతికిచ్చి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. నేను దాన్ని చూశాను. బాగా వేశాడు. నా అంత వయసున్న ఆడది, రెండు డ్యూటీలు వరసగా చేసి బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంది. ఇది నేనే అని గుర్తుపట్టడానికి నాకే కాసేపు పట్టింది. అద్దంలో నేనూ జడ వరకే చూసుకుంటాను మరి.

శుక్రవారం పొద్దున వాన లేదు. నేను సెలవు అడిగి ఆయన వెంట వెళ్ళాను. నిచ్చెన కింద నిలబడి పట్టుకున్నాను. ముందు అంకె మార్చాడు, మూడు తీసి నాలుగు వేశాడు. తర్వాత నిచ్చెన జరిపి, అట్టముక్క జేబులో పెట్టుకుని పైకి ఎక్కాడు. తెల్లరంగు పూసి ఆ నవ్వు చెరిపేశాడు. అది పోతుంటే నాకు కొంచెం బాధేసింది. అబద్ధమెందుకు, బాగానే వేసింది. ఎంత కాదన్నా అది నా నవ్వు, ఇంకెక్కడా మిగల్లేదు. గంటన్నరలో కొత్త మొహం పైకొచ్చింది. ఆ ఒళ్ళు అలాగే ఉంది. ఆ తళుకు గుడ్డల మీద, ఆ నడుము మీద, కళ్ళ కింద నల్లటి చారలతో నేను. సిగ్గేసిందా అంటే వేసింది. తల ఎత్తుకునే నిలబడ్డాను.

ఆయన దిగేసరికి వెంకటప్పయ్య గారు రిక్షా దిగుతున్నారు. పైకి చూశారు. కళ్ళు చికిలించి మళ్ళీ చూశారు.

"ఏంటయ్యా ఇది? మొన్నటిదాకా బానే ఉందిగా. ఈవిడకి జబ్బేమన్నా చేసిందా?"

మా ఆయన కుంచె తుడుస్తూ నేల చూశాడు. "నాకు వచ్చింది ఇదేనండీ" అన్నాడు.

నేను ఎన్నో మాటలు సిద్ధం చేసుకుని ఉన్నాను. పొద్దున్నించీ నోట్లో తిప్పుకుంటున్నాను. ఇంతలో మార్నింగ్ షోకి జనం రావడం మొదలైంది. సైకిళ్ళు ఆగుతున్నాయి. వచ్చినవాడు వచ్చినట్టు తలెత్తుతున్నాడు, నోరు తెరుస్తున్నాడు, క్యూలోకి పోతున్నాడు. వాళ్ళ కళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో కింద నిలబడి చూస్తుంటే బాగా తెలుస్తుంది. నడుము దాటి ఒక్కడి చూపూ పైకి పోవడం లేదు. వెంకటప్పయ్య గారు కూడా కాసేపు నడుము మీద చేతులు పెట్టుకుని క్యూని చూశారు.

"సరేలే. మొహం ఎవడు చూస్తాడు" అని లోపలికి వెళ్ళిపోయారు.

నా మాటలన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి. ఈ మాట కోసమా నా పిల్ల రెండు వారాలు గోడకి మొహం పెట్టుకుని పడుకుంది అనిపించింది. ఆయన వెనకాలే వెళ్ళి అడుగుదామనిపించింది. నిచ్చెన ఒక చివర నేనూ ఒక చివర ఆయనా పట్టుకుని షెడ్డు దాకా మోసుకెళ్ళాం.

శనివారం మార్తని తీసుకుని స్కూలుకి వెళ్ళాను. హెడ్‌మిస్ట్రెస్ గారు మమ్మల్ని చూసి తనే ముందు మాట్లాడారు.

"పొద్దున ఆ దారినే వచ్చాను. రిక్షా ఆపించి మరీ చూశాను. ఎవరో పెద్దావిడ, నలభై పైనే ఉంటాయి. మీ అమ్మాయి కాదు. అసలు మొదట్నించీ ఆవిడేనేమో, మేమే సరిగ్గా చూడలేదేమో. ఎవరో పాపం ఆ తల్లి, ఆ వయసులో ఏం గతి పట్టిందో. సోమవారం నుంచి రామ్మా మార్తా."

ఇదంతా ఆవిడ నా మొహంలోకి చూస్తూనే అన్నారు. మా మధ్య బల్ల ఒకటే అడ్డం. నేను నమస్కారం పెట్టి, "సరేనమ్మగారూ" అన్నాను. మార్త నా వైపు చూసింది. నేను ఇంట్లో బ్యానరు మారిందని చెప్పాను గానీ ఏం మారిందో చెప్పలేదు. తను సెంటరు దాటేటప్పుడు తలెత్తదు. స్కూలుకి పోయిన ఆ మొదటి వారంలోనే ఆ అలవాటు పట్టేసింది.

సోమవారం నాకు పగటి డ్యూటీ వేశారు. అలా మొదటిసారి ఇద్దరం కలిసి తొమ్మిదింటికి సెంటర్లో నిలబడ్డాం. అవే సైకిళ్ళు, అవే కుర్రాళ్ళు. మార్త పుస్తకాలు గుండెలకి అదిమి పట్టుకుని, పమిట రెండు భుజాల చుట్టూ లాక్కుని, నేల చూస్తూ నా వెనక నక్కింది. కుర్రాళ్ళు ఒకసారి ఇటు చూశారు, పైకి చూశారు, వాళ్ళ మాటల్లో వాళ్ళు పడిపోయారు. నా వైపు ఎవరూ చూడలేదు. ముప్పై అడుగుల ఎత్తున ఉన్న నా మొహానికి సరిగ్గా కిందే నిలబడి ఉన్నాను. బస్టాపులో పాతికమంది ఉన్నారు. ఒక్కడికి కూడా తట్టలేదు. తట్టకపోవడమే నాకు కావలసింది. అయినా లోపల ఎక్కడో కలుక్కుమంది.

"తలెత్తవే" అన్నాను. "ఇంక అక్కడున్నది నువ్వు కాదు."

"వద్దమ్మా."

"ఒక్కసారి చూడు. రేపట్నించి ఎవరూ నిన్ను తల దించుకోమనరు."

మార్త మెల్లగా తలెత్తింది. చూసింది. పెదవులు విడిపడ్డాయి. తల తిప్పి నన్ను చూసింది, మళ్ళీ పైకి చూసింది, మళ్ళీ నన్ను చూసింది. నా కళ్ళ కింద, నా చెంప మీద, నా బుగ్గ గుంటలో, ఒక్కోచోటా ఆగి చూసింది. నాకు మొహం పక్కకి తిప్పేసుకోవాలనిపించింది.

"అమ్మా" అంది.

"ఏంటే?"

"నువ్వు ఇంత అలిసిపోయావా?"

అంతలో మా బస్సు వచ్చింది. "ఎక్కవే, నిలబడితే సీటు దొరకదు" అని తోశాను. ఆడవాళ్ళ సీట్లలో ఒకటే ఖాళీ ఉంది. మార్త నా భుజం పట్టుకుని అందులో నన్ను కూర్చోబెట్టి, తను పక్కన నిలబడింది.